బుగ్గలకు పట్టిన కార్టిసాల్

ఫోన్ తెరిస్తే చాలు, పొద్దున్నే బుగ్గలు పట్టుకుని బెంగపడేవాళ్లే. రాత్రి రెండింటిదాకా సిరీస్ చూసి, పక్కనున్న చిప్సు ప్యాకెట్లు ఖాళీ చేసి, తెల్లారాక అద్దం ముందు నిలబడి మొహం ఉబ్బిందని కనిపెడతారు. మా అమ్మమ్మ అయితే "రాత్రి నిద్రపోలేదుటే?" అని ఊరుకునేది. ఇప్పుడు దానికి కార్టిసాల్ ఫేస్ అని పేరు పెట్టారు. మొన్న ఒక పెళ్లిలో ఒకావిడ నన్ను ఎగాదిగా చూసి "మీకు కార్టిసాల్ ఎక్కువైనట్టుందండీ" అంది. అవి మా నాన్నగారి బుగ్గలు తల్లీ, ఆస్తితోపాటు వచ్చాయి.

విరుగుడు కూడా సిద్ధం. కమలారసం, కొబ్బరినీళ్లు, చిటికెడు ఉప్పు. అదీ గులాబీరంగు ఉప్పే కావాలి. తెల్ల ఉప్పుకి హార్మోన్లతో మాట్లాడటం రాదు కాబోలు. సరే, పనిచేస్తుందనే అనుకుందాం. మెదడు కింద ఎముక గుంటలో శనగగింజంత పీయూష గ్రంథి (పిట్యూటరీ) కాపలా కాస్తుంటుంది. రక్తంలో కార్టిసాల్ తగ్గితే ఏసీటీహెచ్ అనే హార్మోను పంపి, కార్టిసాల్ తయారుచేసే అడ్రినల్ గ్రంథులను అదిలిస్తుంది, ఎక్కువైతే పంపడం తగ్గిస్తుంది. అంటే మీ గ్లాసుడు రసం నిజంగానే కార్టిసాల్‌ను కిందికి లాగితే, ఆ గింజ దాన్ని మళ్లీ పైకెక్కిస్తుంది. తాగిన శ్రమే మిగులుతుంది.

అంతటితో వదలరు. పొద్దున్నే రక్తం ఇప్పించి "చూశారా, ఎంతుందో!" అని రిపోర్టు ఊపుతారు. ఉండదా మరి! కార్టిసాల్ పొద్దున ఎనిమిదింటి ప్రాంతంలోనే బాగా ఎక్కువ, అర్ధరాత్రికి అడుగంటుతుంది. మిట్టమధ్యాహ్నం ఎండ కాసిందని సూర్యుడికి జ్వరం అంటగట్టినట్టుంది వీళ్ల వరస. నిజంగా అనుమానం వచ్చిన డాక్టరు అర్ధరాత్రి ఉమ్మి పరీక్ష చేయిస్తాడు, లేదా రాత్రి 1 మిల్లీగ్రాము డెక్సామెథాసోన్ ఇచ్చి, పొద్దుటికి కార్టిసాల్ దిగిందో లేదో చూస్తాడు. రీల్లో ఉమ్మి ఏం బాగుంటుంది? పైగా అర్ధరాత్రి వెలుతురు కూడా సరిపోదు.

అదే గ్రంథి హార్మోను పేరు చెప్పి అమ్మే, పొడుగు పెంచే పొడుల సంగతికి ఒక్క వాక్యం చాలు: గ్రోత్ హార్మోన్ ప్రొటీను, మింగితే పప్పన్నంతోపాటే అరిగిపోతుంది, అందుకే దాన్ని సూదిమందుగా ఇస్తారు. ఆజ్ఞాచక్రం తెరిచి పిట్యూటరీని 'యాక్టివేట్' చేసేవారికి ఆ వాక్యం కూడా దండగ.

మొహం గుండ్రంగా ఉబ్బే జబ్బు లేకపోలేదు. 1932లో హార్వే కుషింగ్ అనే డాక్టరు దాన్ని పీయూష గ్రంథిలోని చిన్న గడ్డతో ముడిపెట్టాడు. పొట్ట మీద ఊదారంగు చారలు, తగిలితే కమిలే చర్మం, గొంతుకూర్చుంటే పైకి లేవనివ్వని తొడలు. ఆ గడ్డ అరుదు. మన దగ్గర ఆ మొహం ఎక్కువగా కార్టిసాల్ లాంటి స్టెరాయిడ్ మందు వల్ల వస్తుంది: కీళ్లనొప్పుల పొట్లంలో కలిపింది, ఒళ్లు చేయడానికని చీటీ లేకుండా అమ్మింది. బయటి నుంచి నెలల తరబడి స్టెరాయిడ్ పడుతుంటే పీయూష గ్రంథి ఏసీటీహెచ్ పంపడం మానేస్తుంది. హఠాత్తుగా ఆపితే బీపీ పడిపోయి మనిషే పోవచ్చు. దీని మీద ఎన్ని రీల్స్ చేశారయ్యా? ఆ పొట్లం మీద మీ కెమెరా ఎందుకు తిరగదు?

కాన్పులో విపరీతంగా రక్తం పోయిన తల్లుల మీదకీ తిరగదు. కడుపుతో ఉన్నప్పుడు పీయూష గ్రంథి పెరిగి ఉంటుంది, రక్తం చాలక అది చచ్చిపోతుంది. 1937లో షీహాన్ అనే డాక్టరు వర్ణించిన జబ్బు ఇది. పాలు పడవు, ముట్లు తిరిగి రావు, ఎప్పుడూ చలి, నీరసం. పాలు పడలేదని అత్తగారు సాధిస్తుంది. బలహీనత అని చెప్పి ఒక సెలైన్ ఎక్కించి ఇంటికి పంపేస్తారు. ఏళ్లు గడిచిపోతాయి.

ఆ తల్లి బతకడానికి కావలసింది ఏమిటో తెలుసా? మీరు విషమని ఊరంతా చాటుతున్న కార్టిసాలే. బిళ్లగా రోజూ మింగాలి, జ్వరమొస్తే డోసు పెంచాలి. మీ వీడియో చూసిన కూతురు "అమ్మా, ఇది మొహం ఉబ్బిస్తుందట, మానెయ్" అంటే, వాంతులు పట్టుకుని, సోడియం పడిపోయి, ఆవిడ ఐసీయూలో పడితే, ఆ బిల్లుకి మీ డిస్కౌంటు కోడ్ పనిచేస్తుందా?