రెండిటుకలు చాలేవి

ఒరే అబ్బాయ్, ఫోను గోడకి ఆనించి దాని ముందు నువ్వు చేసే ఆ విన్యాసం పేరు ప్లాంచ్ అట కదా. అరచేతులు రెండూ నేలమీద, మోచెయ్యి ఇసుమంతైనా వంగకూడదు, మిగతా ఒళ్లంతా నేలకి సమాంతరంగా గాల్లో. బాగానే ఉంది. మూణ్ణెల్లలో వచ్చేస్తుందని ఎవడో చెబితే కోర్సు కొన్నావు చూడు, అక్కడే నాకు ఒళ్లు మండింది.

మా రోజుల్లో విజయనగరంలో మా పేటకో తాలింఖానా ఉండేది. అద్దాల్లేవు, ఏసీ లేదు. ఆంజనేయస్వామి పటం, ఎర్రమట్టి గోదా, మూల ఒక సంగిడి రాయి, దండీలకి రెండిటుకలు. చేరగానే వస్తాదు దండీలు తీయించేవాడనుకున్నావేమో, కాదు. గునపం చేతికిచ్చి గోదా తవ్వించేవాడు. అలా తవ్వీ తవ్వీ మణికట్లూ భుజాలూ గట్టిపడ్డాక దండీలు, బస్కీలు. ఆ తరవాతెప్పుడో, వాడికి బుద్ధి పుట్టినప్పుడు, మయూరాసనం. ఎందుకు, ఎన్నాళ్లు అని అడిగితే మొట్టికాయ. అంతకు మించిన వివరణ లేదు. మీకిప్పుడు ప్రతిదానికీ గంటసేపు వీడియో కావాలి.

వీరఘట్టంలో పుట్టిన కోడి రామ్మూర్తి నాయుడి పేరు విన్నావా? విశాఖ బీచిరోడ్డులో విగ్రహం ఉంది, దాని పక్కన నిలబడి సెల్ఫీ దిగేవుంటావు, ఎవరిదో చదివుండవు. ఛాతీ మీద ఏనుగుని నిలబెట్టుకున్నాడు, ఇనుప గొలుసులు తెంచాడు. పైగా శాకాహారి. నీకేమో పాలపిండి డబ్బా లేందే చెయ్యి లేవదు. ఆయన 1942లో పోయాడు. నేను చూళ్లేదు గానీ, పేటలో చూశామని చెప్పేవాళ్లు బోలెడుమంది. వాళ్ల లెక్కన ఏనుగు ఏటేటా కాస్త పెద్దదయ్యేది.

ఇంతకీ మొన్న మా మనవడితో అన్నాను, ఈ ప్లాంచ్ మన మయూరాసనమేరా, హఠయోగ ప్రదీపికలోనే ఉంది, ఫారిన్ పేరు పెడితే కొత్తదయిపోతుందా అని. వాడు నన్ను కూర్చోబెట్టి పాఠం చెప్పాడు. మయూరాసనంలో మోచేతులు బొడ్డుకి చెరోపక్కా గుచ్చుకుని ఒంటిని మోస్తాయట. ప్లాంచ్‌లో ఆ ఆసరా లేదు. ఒంటి బరువు కేంద్రం అరచేతుల మీదికి రావాలంటే భుజాలు వేళ్లని దాటి ముందుకి వాలాలి, వీపు పైభాగం గూనిగా పైకి లేవాలి. కాళ్లు ఎంత చాపితే బరువు అంత వెనక్కి పోతుంది, భుజాలు అంత ఎక్కువ మొయ్యాలి. అందుకే మొదట మోకాళ్లు గుండెకి ముడుచుకోవడం, తరవాత నడుము చదును చెయ్యడం, ఆపైన కాళ్లు ఎడంగా చాపడం, ఆఖర్న దగ్గరికి చేర్చడం. ఇంత చేసి జిమ్నాస్టిక్స్ పోటీలో నిలబెట్టాల్సింది 2 సెకన్లట! రెండు సెకన్లలో మా వస్తాదు తుమ్మడం కూడా పూర్తయ్యేది కాదు.

సరే, వాడు చెప్పింది నిజమే. వాడి ముందు ఒప్పుకోలేదు, నువ్వూ చెప్పకు.

కానీ మీ వీడియోలవాళ్లు గబగబా దాటేసే సంగతొకటుంది. కండ వారాల్లో పెరుగుతుంది. ఎముకకి కండని కట్టే తాళ్లున్నాయే, మీ డాక్టర్లు టెండన్లంటారు, వాటికి రక్తం అందేదే తక్కువ. అవి నెలల మీద గాని గట్టిపడవు. కండ నాకు చేతనవుతుందంటుంది, టెండను ఇంకా నిద్ర లేచి ఉండదు. మోచెయ్యి తిన్నగా ఉంచి ఒళ్లంతా దానిమీద వేస్తే ముందు ఏడ్చేది అదే. గోదా తవ్వకమంతా అందుకేనని నాకు ఇప్పుడనిపిస్తోంది. కూలి మిగులుతుందని తవ్వించాడేమో కూడా, అది వేరే సంగతి.

ఇదంతా పడక్కుర్చీలో కూచుని చెబుతున్నాననుకో. లేవాలంటే రెండుసార్లు రామా అనాలి. అయినా నామాట విను. చేతులు ఆనించుకోడానికి ఆ ప్లాస్టిక్ కడ్డీలు కొన్నావు, ఉండనీ, మణికట్టుకి కాస్త సుఖం. మా ఇటుకలు అప్పుడప్పుడూ జారేవి కూడా. రోజూ ముందు మణికట్లు తిప్పు. దండీ పొజిషన్లో భుజాలు ముందుకి వాల్చి నిలబడ్డం నేర్చుకో. మోకాళ్లు ముడుచుకుని, మోచెయ్యి వంగకుండా, పది సెకన్లు తొణక్కుండా ఉండేదాకా కాళ్లు చాపకు. మోచేతి లోపల సలుపు మొదలైతే ఆ వారానికి ఆపెయ్. మూణ్ణెల్లకి రాకపోతే ఏడాది, ఏడాదికి రాకపోతే ఇంకో ఏడాది. ఆ కోర్సువాడు మాత్రం డబ్బు తిరిగివ్వడు, కావాలంటే అడిగి చూడు.