పిల్లిచూపులు

మా అక్క కూతురికి సంబంధం ఒక్క ఆదివారంలో కుదిరింది. పొద్దున చూపులు, మధ్యాహ్నం పులిహోర, సాయంత్రానికి తాంబూలాలు. ఆ పెళ్ళిని అంత చప్పున తేల్చేసిన మా బావ, ఒక్క పిల్లిని ఇంటికి తెచ్చుకోవడానికి పదమూడు నెలలుగా తిరుగుతున్నాడు.

మామూలు పిల్లులు వాళ్ళ అపార్ట్‌మెంట్ సెల్లార్‌లోనే ఆరున్నాయి. వాటికి ఊరూ పేరూ లేదంటాడు. ఆయనకు పర్షియన్ కావాలి, అదీ వంశవృక్షం కాగితంతో సహా.

రిటైరైన ఇంజనీరు చేతిలో పడితే ఏదైనా టెండరు ఫైలే. 1871లో లండన్ క్రిస్టల్ ప్యాలెస్‌లో హారిసన్ వియర్ పెట్టిన పిల్లుల ప్రదర్శన మొదలు, అమెరికావాళ్ళ క్యాట్ ఫ్యాన్సియర్స్ అసోసియేషన్ 1906లో పుట్టడం దాకా అన్నీ ఆ ఫైల్లో ఉన్నాయి. హిమాలయన్ పిల్లి హిమాలయాల మొహం చూడలేదనీ, పర్షియన్‌కి సయామీస్‌ని కలిపి ఆ రంగు తెచ్చారనీ చెబుతుంటే నా కాఫీ చల్లారిపోయింది.

ఒకసారి టోలీచౌకీలో చూపులకు నన్నూ లాక్కెళ్ళాడు. మూడో అంతస్తు. సోఫా మీద తెల్లటి కూన, నీలికళ్ళు, మూడు నెలలది. కుర్రాడు చాయ్ ఇచ్చాడు. బావ చాయ్ ముట్టలేదు. కూన నోరు తెరిచి పళ్ళు చూశాడు, తోక ఎత్తి చూశాడు, ముక్కు మీద వేలుపెట్టి కొలిచాడు. అంగట్లో ఎద్దును బేరమాడేవాడు కూడా అంత చూడడు.

"తండ్రెవరు?"

"దీని నాయన బెంగళూర్ల ఉంటడు సార్."

ఏ కంపెనీ అని అడుగుతాడేమోనని హడలిపోయాను. అదృష్టం, కిడ్నీ పరీక్ష కాగితం అడిగాడు. ఈ ఒక్క విషయంలో బావను వెక్కిరించను. పర్షియన్లకు మూత్రపిండాల్లో తిత్తులు వంశపారంపర్యంగా వస్తాయి. తల్లిదండ్రుల్లో ఒకదానికి ఆ జన్యువు ఉన్నా పిల్లలకు రావచ్చు. పరీక్షలో తెలిసిపోతుంది. మరీ చప్పిడి ముఖం వద్దనడం కూడా సబబే. ముక్కు లోపలికి పోయినకొద్దీ కళ్ళు కారతాయి, ఊపిరి బరువవుతుంది. ఆ గురక ముద్దుకి కాదు పాపం, గాలికి.

అక్కడితో ఆగితే ఆయన బావ ఎందుకవుతాడు? నీలికళ్ళ తెల్లపిల్లుల్లో చెవుడు ఎక్కువని ఫైల్లో ఉంది. హఠాత్తుగా లేచి సోఫా వెనక్కి వెళ్ళి, స్టీలు పళ్ళెం ఒకటి నేలకేసి కొట్టాడు. వంటింట్లోంచి ఆ కుర్రాడి నానమ్మ పరుగెత్తుకొచ్చింది. కింద అంతస్తువాళ్ళు కేకేశారు. నా చాయ్ నా చొక్కా మీద పడింది. కూన కళ్ళు కూడా తెరవలేదు.

"చెవుడు!" అన్నాడు బావ, విజయగర్వంతో.

కుర్రాడు ఏమీ మాట్లాడకుండా పక్కగదిలోకి వెళ్ళి ఫ్రిజ్ తలుపు తీశాడు. కూన బాణంలా అటు దూసుకుపోయింది.

సంబంధం అయినా కుదరలేదు. బెంగళూరు తండ్రి కాగితంలో మూడు తరాలే ఉన్నాయి, బావకు ఐదు కావాలి.

ఆ నెలలోనే వాళ్ళ నాన్నగారి ఆబ్దికం వచ్చింది. పురోహితుడు ముత్తాత పేరు అడిగాడు. బావ దర్భ ఉంగరంతోనే ఫోను తీసి తెనాలిలో ఉన్న మేనత్తకు చేశాడు. ఆవిడ నిద్రలో ఉందట. తర్పణం పావుగంట ఆగింది. వంటింటి గుమ్మంలోంచి అక్క నా వైపు చూసింది. నేను విస్తరి వైపు చూశాను.

పోయినవారం టోలీచౌకీ కుర్రాడు ఫోన్ చేశాడు.

"సార్, మీరు వద్దన్న తెల్లది తల్లైంది. నాలుగు కూనలు. వచ్చి చూస్తరా?"

బావ ఫోను స్పీకర్లో పెట్టి, కళ్ళజోడు సవరించుకుని, ఫైల్లోంచి కొత్త కాగితం తీశాడు.

"తండ్రెవరు?"

"గది తెల్వద్ సార్. కిటికీ తెరిచి ఉండె."

ఫైలు మూసేశాడు. వెతుకులాట సాగుతోంది.

పాఠకులకో మనవి. పిల్లి వస్తుందని ముందే కొన్న ఇసక, పది కిలోల బస్తా, సీలు విప్పనిది, వాళ్ళ బాల్కనీలో బట్టలారేసే చోటుకి అడ్డంగా ఉంది. సగం ధరకి ఇచ్చేస్తానంటోంది మా అక్క. కావలసినవాళ్ళు బావ వాకింగ్‌కి వెళ్ళిన వేళ చూసుకుని రండి.