కుర్చీ లేనివాళ్ల పాఠాలు

తెలుగులో కవిత్వం అమ్ముడుపోదు. కథల పుస్తకాలు తెలిసినవాళ్లకు పంచిపెట్టగా మిగిలినవి అటకెక్కుతాయి. సాహిత్య విమర్శను రాసినవాడి ఇంట్లోవాళ్లు కూడా కొనరు. నాయకత్వం మాత్రం నిక్షేపంగా అమ్ముడుపోతోంది. యండమూరి 'విజయానికి ఐదు మెట్లు' కట్టిన నాటి నుంచి ఆ దారిలో మెట్లు, నిచ్చెనలు, లిఫ్టులు అన్నీ వచ్చేశాయి. హైదరాబాద్, విజయవాడ పుస్తక ప్రదర్శనల్లో చూడండి, ఆ బల్లల దగ్గర కుర్రాళ్ల వీపులు తప్ప పుస్తకాలు కనబడవు.

అక్కడ దొరికే సరుకు మూడు రకాలు. నాయకుడు కావడమెలా? ఉద్యోగంలో పైకి రావడమెలా? ఇంటర్నెట్‌తో ఎన్నికలు గెలవడమెలా? అట్టలు వేరు, ధరలు వేరు, లోపల సంగతి ఒకటే. కుర్చీలో కూర్చున్నవాణ్ని దూరం నుంచి చూసినవాడు, ఇంకా దూరంగా ఉన్నవాడికి అందులో ఎలా కూర్చోవాలో చెబుతాడు. కూర్చున్నవాడు మాత్రం ఈ పుస్తకాల జోలికి రాడు. ఆయనకు తీరిక ఉండదు.

ఇది నిన్నమొన్నటి వ్యాపారం అనుకోకండి. భీష్ముడు తండ్రి పెళ్లి కోసం సింహాసనం వదులుకున్నాడు. జన్మంతా ఇతరుల రాజ్యానికి కాపలా కాశాడు. చివరికి అంపశయ్య మీద పడుకుని ధర్మరాజుకు రాజధర్మం బోధించాడు. అప్పటికే ధర్మరాజు యుద్ధం గెలిచాడు, పట్టాభిషేకమూ అయింది. అంటే ఉద్యోగం వచ్చాక శిక్షణ అన్నమాట. మన కంపెనీల్లో నేటికీ పద్ధతి అదే. పైగా ఓడిన పక్షం సేనాపతి గెలిచిన రాజుకు పాఠం చెబుతున్నాడు. ఇదేం విడ్డూరం తాతా అని ధర్మరాజు అడగలేదు. అడిగి ఉంటే శాంతిపర్వం చాలా పలచబడేది.

ఇటలీలో మాకియవెల్లిది ఇంకా ముచ్చటైన కథ. ఫ్లోరెన్స్ రిపబ్లిక్‌లో పెద్ద ఉద్యోగి. 1512లో మెడిచీ కుటుంబం మళ్లీ అధికారంలోకి రాగానే ఉద్యోగం ఊడింది. మరుసటి ఏడాది కుట్రదారుడన్న అనుమానంతో జైల్లో పెట్టారు, చేతులు వెనక్కి విరిచికట్టి తాడుతో వేలాడదీశారు. బయటపడి పల్లెలో ఇంటికి చేరి, రాజ్యం ఎలా నిలబెట్టుకోవాలో వివరిస్తూ 'ది ప్రిన్స్' రాశాడు. దాన్ని తనను వేలాడదీయించిన మెడిచీల ఇంటి వారసుడికే అంకితమిచ్చాడు. దాన్ని పుస్తకం అనడం మర్యాద కోసం, అసలది ఉద్యోగానికి పెట్టుకున్న దరఖాస్తు. కోరుకున్న కొలువు దొరకలేదు. పుస్తకం అచ్చయింది 1532లో, ఆయన పోయిన ఐదేళ్లకు. ఈ ఐదు వందల ఏళ్లలో దాన్ని చదివి మంత్రాంగం నేర్చుకున్నామని చెప్పేవాళ్లు కోకొల్లలు. రాసినవాడికే అది అక్కరకు రాలేదన్న సంగతి వాళ్లెవరూ ఎత్తరు.

సరిగ్గా ఆ రోజుల్లోనే విజయనగరంలో శ్రీకృష్ణదేవరాయలు సింహాసనం మీద ఉన్నాడు. ఆయనా రాజనీతి రాశాడు. 'ఆముక్తమాల్యద' నాలుగో ఆశ్వాసంలో, యామునాచార్యుడు కొడుక్కి చెబుతున్నట్టుగా. మిగతా పుస్తకమంతా విష్ణుచిత్తుడు, గోదాదేవి, వానలు, ఎండలు, విల్లిపుత్తూరు ముచ్చట్లు. రాజ్యం చేతిలో ఉన్నవాడికి రాజనీతి ఒక ఆశ్వాసంలో కొంత భాగంతో సరిపోయింది, కొలువు పోయినవాడికి పూర్తి గ్రంథం కావలసివచ్చింది. 'ఆముక్తమాల్యద'ను నాయకత్వం బల్ల మీద పెట్టిన ప్రచురణకర్త ఇంకా పుట్టలేదు. పెట్టదలిస్తే రాయలవారికి సూటు తొడిగి, చేతులు కట్టుకుని నిలబడ్డ బొమ్మ ఒకటి అట్ట మీద వేయాలి.

ఆ తర్వాత పరిశ్రమ అమెరికాకు చేరింది. అక్కడ డేల్ కార్నెగీ మహాశయుడు మనుషుల్ని ఆకట్టుకోవడమెలాగో 1936లో చెప్పాడు. పుట్టినప్పుడు ఆయన ఇంటిపేరు స్పెల్లింగు వేరు. ఉక్కు కుబేరుడు ఆండ్రూ కార్నెగీ పేరుతో అచ్చంగా కలిసిపోయేట్టు తర్వాత మార్చుకున్నాడు. ఇద్దరికీ చుట్టరికం లేదు. మొదటి పాఠం అక్కడే ఉంది, పుస్తకం కొనకుండానే నేర్చుకోవచ్చు. మరుసటి ఏడాది నెపోలియన్ హిల్ ఆలోచిస్తే చాలు ధనవంతులైపోవచ్చన్నాడు. మహా మాంద్యంలో అమెరికాలో లక్షల మంది పనుల్లేక రొట్టె ముక్క కోసం వరుసల్లో నిలబడిన దశాబ్దం అది. ఉద్యోగాలు లేని రోజుల్లో ఉద్యోగం సంపాదించడమెలాగో చెప్పడాన్ని మించిన ఉద్యోగం ఏముంటుంది?

జిమ్ కాలిన్స్‌ది శాస్త్రీయ పద్ధతి. మంచి కంపెనీలు గొప్ప కంపెనీలు ఎలా అయ్యాయో చాలా లెక్కలు వేసి, 11 కంపెనీలను ఏరి, 2001లో పుస్తకం తెచ్చాడు. వాటిలో సర్క్యూట్ సిటీ 2008లో దివాలా తీసింది. అదే ఏడాది ఫ్యానీ మే మునగబోతుంటే ప్రభుత్వం తన అధీనంలోకి తీసుకుంది. కాలిన్స్ బెదరలేదు. 2009లో మహామహులు ఎలా కూలతారో వివరిస్తూ ఇంకో పుస్తకం రాశాడు. లేచినా పుస్తకమే, పడినా పుస్తకమే. కంపెనీకి నష్టం రావచ్చు గానీ గురువుకు రాదు.

మనకూ ఆ భాగ్యం దక్కింది. హైదరాబాద్‌లో సత్యం కంప్యూటర్స్‌కు నాయకత్వం నేర్పడానికి సొంత బడే ఉండేది. కంపెనీని సక్రమంగా నడుపుతున్నందుకు 2008లో గోల్డెన్ పీకాక్ అవార్డు కూడా వచ్చింది. 2009 జనవరి 7న చైర్మన్ గారే లేఖ రాశారు, లెక్కల్లో చూపిన వేల కోట్లు అసలు లేనే లేవని. అవార్డును వెనక్కి తీసుకున్నారు. బడిలో నేర్చుకున్నవాళ్ల దగ్గర నుంచి పాఠాలను ఎలా వెనక్కి తీసుకున్నారో చెప్పే పుస్తకం మాత్రం నాకు కనబడలేదు.

అయినా పాఠాలు ఎక్కడికి పోతాయి? మాదాపూర్‌లోనే ఉన్నాయి. అక్కడ టీమ్ లీడ్ పైన టెక్ లీడ్, ఆ పైన ప్రాజెక్ట్ లీడ్, ఆ పైన డెలివరీ లీడ్. ఇంతమంది నాయకులున్న సైన్యం చరిత్రలో లేదు. శనివారం వర్క్‌షాపులో కళ్లకు గంతలు కట్టి ఒకరి మీద ఒకరికి నమ్మకం నేర్పుతారు. సోమవారం లేఆఫ్ మెయిల్ వస్తుంది. ఆ జాబితా రాసేటప్పుడు ఏ లీడ్‌నూ ఒక్క మాట అడగరు. ఉద్యోగం పోయినవాడు ఏం చేస్తాడు? కెరీర్ కోచ్ అవుతాడు. మాకియవెల్లి చూపిన బాట ఇంకా చెదరలేదు.

ఇక మూడో రకం పుస్తకాలు, ఇంటర్నెట్‌తో రాజకీయం. దీనికి మూలపురుషుడు 2004 అమెరికా అధ్యక్ష ఎన్నికల్లో డెమొక్రాటిక్ అభ్యర్థిత్వానికి పోటీపడిన హవర్డ్ డీన్. బ్లాగులు, మీటప్ సైటుతో ఊరూరా అభిమానుల్ని కూడగట్టాడు. చిన్న చిన్న చందాలు వరదలా వచ్చాయి. పత్రికలన్నీ ఆయనదే గెలుపన్నాయి. అయోవాలో ఓట్లు లెక్కపెడితే మూడో స్థానం. ఆ రాత్రి ఉత్సాహంగా వేసిన కేకనే ఇంటర్నెట్ జనం పదేపదే వేసుకుని నవ్వుకున్నారు. పెంచిన ఇంటర్నెట్టే ముంచింది. ప్రచారం నడిపిన జో ట్రిప్పీ అదే ఏడాది, ఇంటర్నెట్ రాజకీయాల్ని ఎలా తలకిందులు చేయబోతోందో పుస్తకం రాసేశాడు. 2008లో ఒబామా ఆ పరికరాలనే వాడి గెలిచాడు. గెలిచినాయనకు వైట్‌హౌస్, ఓడినాయన మేనేజరుకు రాయల్టీ.

అదే 2004లో మన దగ్గరా పరీక్ష జరిగింది. చంద్రబాబు నాయుడిని రాష్ట్రానికి సీఈవో అని ప్రపంచమంతా పిలుస్తున్న కాలం. 1998లో సైబర్ టవర్స్ తెరుచుకుంది, 2000లో క్లింటన్ వచ్చి వెళ్లాడు, అదే ఏడాది ముఖ్యమంత్రి పేరుతో ఇంగ్లిషులో పుస్తకమూ వచ్చింది. ఢిల్లీలో దేశం వెలిగిపోతోందన్నారు, ఫోనెత్తితే వాజ్‌పేయి రికార్డు గొంతు పలకరించింది. ఈలోగా రాజశేఖరరెడ్డి 2003 ఎండల్లో చేవెళ్ల నుంచి ఇచ్ఛాపురం దాకా నడిచారు. ఫలితాల రోజున 294 సీట్లలో తెలుగుదేశానికి 47 మిగిలాయి.

తెలుగు నాయకులు ఆ పాఠాన్ని ఏ పుస్తకమూ లేకుండానే పట్టేశారు. చంద్రబాబు ల్యాప్‌టాప్ పక్కనపెట్టి 2012లో నడక మొదలెట్టారు, 2014లో ముఖ్యమంత్రి అయ్యారు. జగన్ 2017లో ఇడుపులపాయ నుంచి బయలుదేరి 3,648 కిలోమీటర్లు నడిచారు, 2019లో 151 సీట్లు. లోకేశ్ 2023లో కుప్పం నుంచి 3 వేల కిలోమీటర్లకు పైగా నడిచారు, మరుసటి ఏడాది మంత్రి. 2023లోనే తెలంగాణలో భట్టి విక్రమార్క నడిచి, ఎన్నికలయ్యాక ఉపముఖ్యమంత్రి అయ్యారు. ఐదో తరం మొబైల్ నెట్‌వర్క్ వచ్చాక కూడా అధికారానికి దగ్గరి దారి కాలినడకే. ఇంటర్నెట్ వచ్చి చేసిందల్లా ఆ నడకను లైవ్‌లో చూపించడం.

ఈ సూత్రం పట్టుకుని రేపే చెప్పులు కొనకండి. జగన్ చెల్లెలు షర్మిల కూడా తెలంగాణలో వేల కిలోమీటర్లు నడిచారు. 2023 ఎన్నికల్లో పోటీయే చేయలేదు, 2024 జనవరిలో తన పార్టీని కాంగ్రెస్‌లో కలిపేశారు. నాయకత్వం పుస్తకాల్లో ఉన్న గారడీ అంతా ఇదే. గెలిచినవాళ్ల అలవాట్లే జాబితాకెక్కుతాయి. అవే అలవాట్లతో ఓడినవాళ్ల గురించి రాస్తే అట్ట మీద ఏం బొమ్మ వేస్తారు?

నడిచే ఓపిక లేని పార్టీలకు వ్యూహకర్తలున్నారు. ప్రశాంత్ కిశోర్ 2014లో మోదీకి, 2015లో నితీశ్‌కు, 2019లో జగన్‌కు, 2021లో మమతకు, స్టాలిన్‌కు పనిచేసి గెలుపు గుర్రం అనిపించుకున్నారు. ఇంతమందిని కుర్చీ ఎక్కించినవాణ్ని నేనే ఎక్కితే పోలా అనుకుని సొంతంగా పార్టీ పెట్టి 2025లో బిహార్ ఎన్నికల్లో దిగారు. ఒక్క సీటూ రాలేదు. ఆయన స్థాపించిన ఐప్యాక్ 2019లో జగన్ పార్టీ 151 గెలిచినప్పుడూ ఉంది, 2024లో 11కు పడిపోయినప్పుడూ ఉంది. డేటా అదే, వార్ రూమ్ అదే, గోడ మీద తెరలూ అవే. గెలిస్తే వ్యూహం ఫలించిందంటారు, ఓడితే నాయకుడు తమ మాట వినలేదంటారు. భీష్ముడికి కూడా ఇంత సౌకర్యం లేదు, ఓడినందుకు ఒంటినిండా బాణాలు దిగాయి.

మరి నాయకత్వం బల్ల దగ్గర వీపు చూపించి నిలబడ్డ మన కుర్రాడి మాటేమిటి? ఇంజినీరింగ్ అయింది, రెండు కోర్సులూ అయ్యాయి, పుస్తకాలూ చదివాడు. ఏదో ఒక పార్టీ సోషల్ మీడియా విభాగంలో చేరాడు. కొందరికి జీతం, కొందరికి పదవి వస్తుందన్న ఆశ, చాలామందికి ఉత్త అభిమానం. ఇచ్చిన పోస్టును ఇచ్చినట్టే పెడతాడు, ట్యాగ్ చేస్తాడు, ట్రెండింగ్ చేస్తాడు, ఎదుటి పార్టీ నాయకుడి ఇంటి ఆడవాళ్లను తిడతాడు, తన నాయకుడి ఇంటి ఆడవాళ్లను తిట్టినవాణ్ని మళ్లీ తిడతాడు. అవతలివాళ్లు పేటీఎం బ్యాచ్ అంటారు, ఇవతలివాళ్లు వారియర్ అంటారు. నాయకుడి పుట్టినరోజున ఊరి సెంటర్లో ఫ్లెక్సీ కట్టిస్తాడు. పైన అధినేత, పక్కన ఎమ్మెల్యే, కింద మండలం వాళ్లు, అట్టడుగున తపాలా బిళ్లంత సైజులో తన ఫొటో, దాని కింద 'యువనేత'. ఖర్చు మాత్రం తనదే.

ప్రభుత్వం మారుతుంది. నిన్నటిదాకా ఫిర్యాదులు చేసినవాళ్లు నిందితులు, నిన్నటి నిందితులు ఫిర్యాదుదారులు. ఆంధ్రాలో ఈ పద్ధతిని పార్టీలు వంతులవారీగా శ్రద్ధగా పాటిస్తున్నాయి, తెలంగాణ కూడా వెనకబడి లేదు. పోస్టుల మీద కేసులు పెట్టడానికి వాడిన ఐటీ చట్టం 66ఏ సెక్షన్‌ను సుప్రీంకోర్టు 2015లో కొట్టేసింది. ఆ ఒక్క సెక్షన్ పోయింది, చట్టంలో మిగతా సెక్షన్లు చాలా ఉన్నాయి. తెల్లారకముందే ఇంటికొచ్చే కానిస్టేబుల్ పుణ్యమా అని, రాజ్యాంగంలో ఏ అధికరణమూ తెలియని పల్లెల్లో కూడా పోలీసుల ముందు హాజరు కమ్మనే '41ఏ నోటీసు' మాత్రం అందరికీ తెలుసు. అధినేతకు ఢిల్లీ నుంచి లాయర్లు వస్తారు. వ్యూహకర్త ఇంకో రాష్ట్రంలో ఇంకో వార్ రూమ్ తెరుస్తాడు. యువనేత స్టేషన్ బయట బెంచీ మీద కూర్చుంటాడు. నాయకత్వ శిక్షణలో ఇదొక్కటే ప్రాక్టికల్.

కాబట్టి కొడుక్కి కెరీర్ పుస్తకం ఒకటి కొనిపెడదామనుకునే తల్లిదండ్రులకు ఈ కాలమ్ తరఫున ఉచిత సలహా. అలవాట్లు, మెట్లు, సూత్రాలు అన్నీ వదిలేసి 'భారతీయ నాగరిక సురక్షా సంహిత' కొనండి. పాత సీఆర్‌పీసీ స్థానంలో 2024 జూలై 1 నుంచి అమల్లో ఉంది. పాత 41ఏ అందులో 35వ సెక్షన్‌లోకి మారింది, ఆ పేజీ మడిచి పెట్టండి. బెయిలు అధ్యాయం ఒకటికి రెండుసార్లు చదివించండి. నాయకత్వం పుస్తకం మీద గురువు పేరుంటుంది, ఫ్లెక్సీ మీద నాయకుడి పేరుంటుంది, ఎఫ్‌ఐఆర్‌లో మీవాడి పేరుంటుంది. మూడింటిలోనూ కోర్టువారు బిగ్గరగా చదివి పిలిచేది ఆఖరిదాన్నే.