పోటు వరుస: ఒక చేతిగడియారము ఆత్మకథ

నేను చూపున్నవారి కొరకు పుట్టినదానను కాను. జపాను దేశపు సిటిజన్ సంస్థ సహకారముతో 1961లో బెంగుళూరున చేతిగడియారముల తయారీ నారంభించిన హెచ్.ఎం.టి. వారు అంధుల నిమిత్తము ప్రత్యేకముగా రూపొందించిన కీ గడియారములలో నేనొకదానను. నా ముఖమును కప్పిన అద్దము చిన్న తలుపువలె తెరచుకొనును. నా ముండ్లు వ్రేలి తాకిడికి వంగవు. అంకెల చోట ఉబ్బెత్తు చుక్కలుండును. తక్కిన గడియారములను లోకము చూచును, నన్ను తడిమి తెలిసికొనును.

మా యజమాని దివిసీమలో, కృష్ణమ్మ కడలి గలియు హంసలదీవికి చేరువనున్న యొక పల్లెలో పుట్టి, ముప్పదియేండ్ల ప్రాయమున నీటికాసుల వ్యాధిచే రెండు కన్నులను పూర్తిగా కోల్పోయి, పేము కుర్చీలల్లు పని నేర్చి, విజయవాడలో నొక కార్యాలయమున కొలువు సంపాదించి, సత్యనారాయణపురములో కాపురముండిరి. నాడు రైలుపట్టాలు ఆ పేట నడుమనుండి పోవుచుండెడివి. నేడా చోట బి.ఆర్.టి.ఎస్. రోడ్డున్నది. రైలుకూతను బట్టియు, ఆకాశవాణి విజయవాడ కేంద్రపు ప్రసారములను బట్టియు ఆయన పగటివేళల నెరిగెడివారు. రేడియో మూగవోయిన పిమ్మట మాత్రము ఆయనకు నేనే దిక్కు.

ఆయన బొటనవ్రేలు నా ముఖముపై వ్రాలిన వేళలే నా జీవితచరిత్ర. కొన్నినాళ్ళు రాత్రి పదిన్నరకు నాకు కీ యిచ్చి, తలగడ ప్రక్కన నన్నుంచి, తెల్లవారి ఐదింటి వరకు నన్ను తాకక నిద్రించెడివారు. ఆ పిమ్మట నిద్ర పదునొకండింటికి, మరునాడు పదునొకండున్నరకు, ఆ పైనాడు పండ్రెండింటికి, ఇట్లు దినమున కరగంట చొప్పున ఆలస్యమగుచు, పదవనాటికి తెల్లవారుజాము మూడున్నరకు గాని కన్నంటెడిది కాదు. వేసవి యుక్కలో బెజవాడ యంతయు డాబాలపై పక్కలు పరచుకొని యొడలెరుగక నిద్రించుచుండ, మా యజమాని యొక్కరే మంచపు పట్టెపై కూర్చుండి, నా తలుపు తెరచి, ముండ్లను తాకి, మూసి, పావుగంటయైన గడువకమునుపే మరల తెరచుచుండ, తాకిన ప్రతిసారియు ఆ వ్రేలిలో హెచ్చుచున్న యాతురతను నేనెరుగుదును. కాని వేళ చెప్పుట తప్ప వేరొండు చేయజాలని నేను ఆయన నెట్లోదార్చగలను? ఇరువదినాలుగవ నాటికి నిద్ర పగటి పదిన్నరకు, సరిగా పేముబద్ద చేతబట్టి కుర్చీ ముందు కూర్చుండు వేళకు, వచ్చి పైబడెడిది.

"కళ్ళు లేనివాడికి రాత్రేమిటి, పగలేమిటి?" అని తోటివారు నవ్విరి. "రాత్రిళ్ళు ఏం చేస్తున్నావయ్యా?" అని అధికారి మెమో ఇచ్చెను. ఇల్లాలు తాయెత్తు కట్టించెను. ఒక వైద్యుడు నిద్రమాత్ర వ్రాసి యిచ్చెను. ఇవన్నియు కొన్నాళ్ళు ఫలించినట్లే తోచుట మిక్కిలి బాధాకరమైన సంగతి. ఏలయన 48 దినములకు నిద్ర చుట్టు తిరిగి తనంతట తానే రాత్రికి వచ్చి చేరెడిది, ఆ వచ్చుటకు ముందు ఏది కట్టిరో, ఏది మ్రింగిరో దానికా కీర్తి దక్కెడిది. మరల నిద్ర పగటివైపు జారగానే నింద మాత్రము మా యజమానిపై బడెడిది. సోమరియన్న మాట విన్ననాడు ఆయన నాడి నా పట్టెడ క్రింద కొట్టుకొనిన తీరు నేను మరువజాలను.

కళాశాలలో చదువుచున్న కుమార్తె యొక వేసవిలో, తండ్రి నిద్రించిన వేళలను గోడకాలెండరు గళ్ళలో దినదినము గుర్తించి, ఆ గుర్తులను గీతతో కలిపి చూడగా, అది మెట్లు దిగినట్లు ఏటవాలుగా సాగెను. ఆమె ఆ గీతను తండ్రి యరచేతిలో వ్రేలితో గీసి చూపెను. ఆయన చాలసేపు మాటాడక, "ఇది పోటు వరసమ్మా" అనిరి. "మా ఊళ్ళో పోటు రోజూ ముప్పావుగంట పైన ఆలస్యంగా వచ్చేది. ఇవాళ పొద్దున వస్తే వారం తిరిగేసరికి మధ్యాహ్నం. పోటును ఎవరూ బద్ధకమనరు. నా నిద్ర కూడా అట్లాగే నడుస్తోంది."

ఆ పోలిక వట్టి యూహ కాదు. 1977లో అమెరికా శాస్త్రవేత్తలు ప్రకటించిన యొక అంధుని నిద్రాలయ 24.9 గంటలది, అది చాంద్రదినముతో, అనగా పోటు పాటుల లెక్కతో, సరిపోయినదని వారే గుర్తించిరి.

కారణమును తరువాత నొక వైద్యుడు ఓపికతో వివరించెను. కన్నుల నుండి వచ్చు నరములు పెనవేసికొను చోటునకు పైన మెదడులో నొక సూక్ష్మకేంద్రము గలదు. అది మానవుని లోపలి గడియారము. పెక్కుమందిలో దాని దినము 24 గంటలకంటె కించిత్తు దీర్ఘము. దినమునకు రెండు నిమిషములు వెనుకబడు నన్ను మా యజమాని ఆకాశవాణి వేళకు సరిదిద్దినట్లే, ప్రాతఃకాలపు వెలుగు దానిని సరిదిద్దును. 1729లో ఫ్రాన్సు దేశీయుడగు ద మేరాన్ అత్తిపత్తి మొక్కను చీకటిలో నుంచినను, దాని యాకులు పగలు విచ్చి రాత్రి ముడుచుకొనుచునే యుండెను. వెలుగు లేనంతమాత్రమున లోపలి గడియారము నిలువదు. దిద్దువారు లేక దారి తప్పును. శుక్లములతో చూపు మసకబారిన పొరుగింటి అవ్వ చక్కగా నిద్రించుటకు హేతువిదియే, ఆమె కంటిలోనికి వెలుగింకను పోవుచున్నది. వెలుగే యెరుగని వారిలో సుమారు సగము మంది మా యజమానివలె బాధపడుదురు.

చీకటివేళ మెదడులో నూరు మెలటోనిన్ అను రసమును, నియతవేళ మాత్రగా నిచ్చి, అమెరికాలోని ఒరిగాన్ వైద్యులు ఏడుగురు అంధులలో ఆరుగురి లయను 24 గంటలకు కుదిర్చినట్లు 2000లో ప్రకటించిరి. మా యజమానికిని వైద్యుడు, నిద్ర రాత్రివైపు తిరిగివచ్చు దినములు చూచి, చిన్న మోతాదుతో ఆ మాత్రను ఆరంభించెను. ప్రతిరాత్రియు ఆయన వ్రేలితో నన్ను తడిమి, తొమ్మిదియైనదని యెరిగి, మాత్ర వేసికొనెడివారు. గీత మొదట వంగి, కొన్ని వారములకు నిటారుగా నిలచెను. ఇదివరకు నేను ఆయన మేల్కొనుటకు సాక్షిని. అది మొదలు ఆయన చికిత్సలో నొక పనిముట్టునైతిని. నా జీవితమున నాకింతకంటె గౌరవము దక్కలేదు.

చదువరులారా, మీ యింట గాని, మీ కార్యాలయమున గాని చూపులేనివారు పగలు కునుకుచున్నచో, ఒక్కమాట యనుటకు ముందు, ఆరు వారములపాటు వారి నిద్రవేళలను ఏ కాలెండరు గళ్ళలోనైనను వ్రాసి, ఆ కాగితమును వైద్యునకు చూపుడు.