గద్వాల మట్టికోట కథ

కృష్ణకు దక్షిణాన, తుంగభద్రకు ఉత్తరాన ఉన్న నేల నడిగడ్డ. ఆలంపురం దాటాక రెండు నదులూ కలుస్తాయి. సీమ అక్కడితో సరి. మిగతా వైపుల నది అడ్డుగా ఉంటే, పడమట రాయచూరు దిక్కు మాత్రం బార్లా తెరిచి ఉంటుంది. వానలు తక్కువ. ఎర్ర చెలకలూ నల్లరేగళ్లూ పక్కపక్కనే కనిపిస్తాయి. జొన్న, ఆముదం, వేరుశెనగ పండిన చేలల్లో ఇప్పుడు విత్తనపత్తి పెరుగుతోంది. ఈ మట్టికోట ఆ సీమలోని గద్వాలలో ఉంది. కోట కథంటే గద్వాల సంస్థానం కథే. ఒకటి చెప్పి రెండోది విడిచిపెట్టడం కుదరదు.

బహమనీలూ విజయనగర రాజులూ రెండు నదుల నడుమనున్న ఈ అంతర్వేది కోసం తరాల తరబడి పోరాడారు. 1520లో రాయచూరు దగ్గర శ్రీకృష్ణదేవరాయలు బీజాపూరు సుల్తాను ఇస్మాయిల్ ఆదిల్‌షాను ఓడించాడు. పైన రాజ్యాలు మారుతున్నా, కింద ఊళ్ల మీద పట్టున్న రెడ్డి ప్రభువులు నిలదొక్కుకున్నారు. మొదట వారి ఉనికిపట్టు పూడూరు. 18వ శతాబ్ది తొలినాళ్లలో పెద సోమభూపాలుడు ఈ కోట కట్టించి గద్వాలను రాజధాని చేశాడు. జనం నోట అతను సోమనాద్రి. కోట లోపల చెన్నకేశవస్వామి గుడి ఉంది.

సంస్థానం హైదరాబాదు నిజాముకు ఏటా పేష్కష్ అనే కప్పం చెల్లించి, లోపలి పాలన తానే నడుపుకునేది. కృష్ణ అవతలి ఒడ్డున వనపర్తి, జటప్రోలు, ఆత్మకూరు సంస్థానాలదీ ఇదే తీరు. 1853లో నిజాం బాకీల కింద రాయచూరు అంతర్వేదిని ఇంగ్లీషు వాళ్లకు అప్పగించాడు. 1860లో తిరిగి అందుకున్నాడు.

ఈ కోట గర్వంగా చెప్పుకోవలసింది యుద్ధాలు కావు, పండితులూ నేతగాళ్లూ. కవులను ఆదరించినందుకు ఊరికి విద్వద్గద్వాల అన్న పేరు నిలిచింది. నూలు చీరకు పట్టు అంచు, పట్టు కొంగు కలిపి నేసే ఇక్కడి పనితనానికి 2010లో భౌగోళిక గుర్తింపు దక్కింది. తిరుమల బ్రహ్మోత్సవాలకు ఏరువాడ జోడు పంచెలు నేయించి పంపే ఆచారం సంస్థానం పోయాక కూడా ఆగలేదు.

1948 సెప్టెంబరులో హైదరాబాదు రాజ్యం భారత యూనియన్‌లో కలిసింది. మరుసటి ఏడు జాగీర్లతోపాటు సంస్థానాలూ రద్దయ్యాయి. చివరి పాలకురాలు మహారాణి ఆదిలక్ష్మీదేవమ్మ. ఆ తర్వాత గద్వాల రాయచూరు జిల్లాలో ఒక తాలూకా.

1956 నవంబరు 1న రాష్ట్రాల మధ్య గీసిన గీత అన్నిటికంటే లోతుగా తగిలింది. రాయచూరు మైసూరు (నేటి కర్ణాటక) రాష్ట్రానికి పోయింది. గద్వాల, ఆలంపురం తాలూకాలు ఆంధ్రప్రదేశ్‌లో, మహబూబ్‌నగర్ జిల్లాలో చేరాయి. తెలుగు ఊళ్లు తెలుగు రాష్ట్రంలో ఉండటం న్యాయమే. కానీ తుంగభద్ర మీద రాజోలిబండ ఆనకట్ట పని అప్పటికే మొదలై ఉంది. ఆనకట్ట అటు, ఆయకట్టు ఇటు అయ్యాయి. 143 కిలోమీటర్ల కాలువలో మొదటి 42.6 కిలోమీటర్లు కర్ణాటకలోనే సాగుతుంది. ఇవతల తడవాల్సింది 87,500 ఎకరాలు. వాటాగా రాసుకున్నది 15.9 టీఎంసీలు, చివరి పొలాల రైతుకు అది ఏనాడూ పూర్తిగా అందలేదు. కృష్ణ మీద జూరాల ప్రాజెక్టు వచ్చాక ఉత్తరపు ఊళ్లకు కొంత ఊరట దొరికింది.

1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. తెలంగాణ విడి రాష్ట్రమయ్యాక, 2016 అక్టోబరు 11న జోగులాంబ గద్వాల జిల్లా ఏర్పడింది. సంస్థానంలో లేని ఆలంపురం కూడా అందులో ఉంది కనుక, రెండు నదుల నడుమ తెలంగాణకు దక్కిన నేలంతా మొత్తానికి ఒక్క జిల్లా గొడుగు కిందికి వచ్చింది.

కోటలో ఇప్పుడు మహారాణి పేరిట ప్రభుత్వ డిగ్రీ కళాశాల నడుస్తోంది. పిల్లలు చదువుకునే చోటు కావడం ఏ కోటకైనా మంచి గతే. అయితే మట్టిగోడ వానకు కరుగుతుంది, ఏటేటా మెత్తకపోతే నిలవదు. ఆ పని నడిగడ్డ వాళ్లూ ప్రభుత్వమూ కలిసి చేపట్టాలి.