పొదుపు మోడ్‌లో పోలవరం

పోలవరం మీదుగా పాపికొండలకు బోటెక్కేవారికి ఓ కిటుకు. కొండల మధ్య చాలాచోట్ల సిగ్నల్ అందదు. అయినా ఫోన్ ఊరుకోదు, టవర్ కోసం వెతికి వెతికి ఛార్జింగ్ అంతా ఊడ్చేస్తుంది. ఏరోప్లేన్ మోడ్ పెట్టండి. స్క్రీన్ వెలుతురు తగ్గించండి. లొకేషన్ ఆపండి. పేరంటపల్లిలో సెల్ఫీకి సరిపడా మిగులుతుంది.

ఈ సెట్టింగులన్నీ మనకంటే ముందే పోలవరం ప్రాజెక్టు ఒంటబట్టించుకుంది. 2014 రాష్ట్ర విభజన చట్టంతో జాతీయ హోదా దక్కింది. 80 మెగావాట్లవి 12 యూనిట్లు, మొత్తం 960 మెగావాట్ల కరెంటు అన్నారు. కాగితం మీద ఛార్జింగ్ ఎప్పుడూ ఫుల్లే! వరదకు దెబ్బతిన్న డయాఫ్రమ్ వాల్ స్థానంలో 2025లో కొత్తది మొదలెట్టారు. గడువు మాత్రం ఎవరూ నొక్కకుండానే ఆటో అప్‌డేట్ అవుతోంది. ఎన్నికలొస్తే హామీల వెలుతురు పెరుగుతుంది, ఓట్లు పడ్డాక స్క్రీన్ ఆరిపోతుంది. నిర్వాసితుల అర్జీలైతే ఎప్పుడూ సైలెంట్‌లోనే.

అయ్యా, పొదుపు ఫోన్‌కి మంచిదే. పరిహారానికి కాదు. ముందు ఆ మోడ్ తీసేయండి!