కొత్త పాఠకులను వెనక్కి పంపే ఏడు చిట్కాలు

సొంతంగా న్యూస్‌లెటర్ మొదలుపెట్టే రచయితకు ఎవరైనా చెప్పే సలహాలు ఇంచుమించు ఒకటే. మీ గురించి ఘనంగా చెప్పుకోండి, రాసినవాటిలో మేలైనది ముందు చూపించండి, తెలిసినవాళ్లందరికీ లింకు పంపండి, చందా బటన్ కొట్టొచ్చినట్టు కనబడేలా పెట్టండి. నేను చెప్పేవన్నీ వీటికి ఎదురు. తలకిందులుగా తోచినా, ప్రతి ఒక్కటీ నమ్మే చెబుతున్నాను. మీ న్యూస్‌లెటర్‌ను పరిచయం చేసే మొదటి లేఖ జనాన్ని పోగేయడానికి కాదు, రాబోయే ఏడాదంతా మీ ఉత్తరాలు నిజంగా చదివేదెవరో తేల్చుకోవడానికి. చదవనివాళ్లు మొదటి వారమే వెళ్లిపోతే వాళ్లకూ మేలు, మీకూ మేలు.

1. మీ పరిచయం అడుగున పెట్టండి

పుట్టిన ఊరు, చేసే ఉద్యోగం, అచ్చయిన కథలు, అందుకున్న బహుమతులు అన్నీ కిందికి దించండి, రెండు వాక్యాల్లో ముగించండి. ముక్కూమొహం తెలియని మనిషి మీ ఉత్తరం తెరిచేది మీ చరిత్ర కోసం కాదు. మీరు దేన్ని పట్టించుకుంటారో, దాన్ని ఎంత దగ్గరగా చూస్తారో తెలిస్తే అతనికి చాలు. అందుకే మొదటి పేరాలోనే విషయంలోకి దిగండి. అది నచ్చినవాళ్లు మీరెవరో తెలుసుకోవడానికి వాళ్లంతట వాళ్లే చివరిదాకా వస్తారు.

2. మీ ఉత్తమ రచన పంపకండి

నెలల తరబడి చెక్కిన వ్యాసాన్ని ముందు చూపిస్తే, ప్రతి వారం అలాంటిదే వస్తుందని పాఠకుడు ఆశపడతాడు. వారం వారం రాసేది ఆ స్థాయిలో ఉండదు, ఉండక్కర్లేదు కూడా. మీ మామూలు వారం ఎలా ఉంటుందో అదే నమూనాగా పంపండి. మీ మామూలు రాత నచ్చి చేరినవాడు మంచి వ్యాసం వచ్చిన రోజు సంబరపడతాడు. గొప్పది చూసి చేరినవాడు మూడో వారానికల్లా నీరసపడతాడు.

3. పరిధి కుదించండి

‘సాహిత్యం, సినిమా, సమాజం, జీవితం’ అని రాస్తే ఎవరూ కాదనరు, ఎవరూ చదవరు. ఒక్క చోటు పట్టుకోండి. ఉదాహరణకు ఇలా రాయవచ్చు:

“ప్రతి శనివారం గుంటూరు మిర్చి యార్డు గురించి రాస్తాను. తేజ రకం ధర ఎందుకు పడింది, కోల్డ్ స్టోరేజీలో సరుకు ఎందుకు ఆగింది, తాలుకాయలు ఎవరు కొంటారు, బస్తాకు హమాలీకి దక్కేదెంత, ఇవే ఉంటాయి. సినిమా సమీక్షలు ఉండవు. రాజకీయ వ్యాఖ్యలు ఉండవు. రేపటి ధర నేను చెప్పలేను.”

ఇందులో చివరి మూడు వాక్యాలే ముఖ్యం. ఏం దొరకదో చెప్పినప్పుడే, దొరికేదాని మీద నమ్మకం కుదురుతుంది. రేపటి ధర కోసం వచ్చినవాడు అక్కడే ఆగిపోతాడు. యార్డు ఎలా నడుస్తుందో తెలుసుకోవాలనుకునేవాడు ఉండిపోతాడు.

చోటు చిన్నదని సంకోచం వద్దు. ఒద్దిరాజు సోదరులు 1922లో ‘తెనుగు’ పత్రికను హైదరాబాదు నుంచి కాదు, ఓరుగల్లు ప్రాంతంలోని ఇనుగుర్తి అనే పల్లె నుంచి తెచ్చారు. నిజాం రాజ్యంలో తెలుగు పత్రికలే అరుదైన కాలమది. వందేళ్లు దాటినా తెలంగాణ పత్రికల చరిత్ర చెప్పేవాళ్లు ఆ ఊరి పేరు ఎత్తకుండా ముందుకు వెళ్లరు.

4. బయటికి దారి పైనే చూపించండి

‘ఈ ఉత్తరాలు వద్దనుకుంటే ఇక్కడ నొక్కండి’ అన్న వాక్యాన్ని అందరూ అడుగున, కళ్లకు ఆనని అక్షరాల్లో దాస్తారు. దాన్ని మొదటి పేరా పైన, మామూలు అక్షరాల్లో పెట్టండి. వెళ్లే దారి దొరకని పాఠకుడు ‘స్పామ్’ అని నొక్కుతాడు. అలాంటి నొక్కుళ్లు పెరిగితే, ఇష్టంగా చదివేవాళ్లకు కూడా మీ ఉత్తరం చేరడం మానేస్తుంది. 2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్ ఈ విషయంలో గట్టిగా ఉంది. జీమెయిల్ ఖాతాలకు రోజుకు 5,000కు పైగా మెయిళ్లు పంపేవాళ్లు ఒక్క నొక్కుతో బయటపడే వీలు కల్పించాలి, స్పామ్ ఫిర్యాదులను 0.3 శాతం లోపు ఉంచుకోవాలి. మీరు పంపేది యాభై మందికే అయినా ఆ మర్యాద పాటించండి.

తెలుగులో రాసేవాళ్లకు ఇంకో కారణం ఉంది. మెయిల్ దాదాపు 102 కేబీ దాటితే జీమెయిల్ మిగతా భాగాన్ని మడిచేస్తుంది, అడుగున దాచిన లింకు కూడా దాంతోపాటే మాయమవుతుంది. మెయిళ్లలో యూనికోడ్‌ను రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో ఇంగ్లిష్ అక్షరానికి ఒక బైటు చాలు. తెలుగులో అచ్చుకైనా హల్లుకైనా గుణింతపు గుర్తుకైనా మూడేసి బైట్లు పడతాయి. కాబట్టి మనం ఆ హద్దును తొందరగా చేరతాం. బరువు పెంచే రంగుల బ్యానర్లు, పెట్టెలు, బటన్లు తీసేసి ఉత్తరాన్ని ఉత్తరంలాగే పంపండి.

5. బంధువులను చేర్చకండి

“బాబాయ్, మీ మెయిల్ ఐడీ ఒకసారి చెప్పండి” అంటే బాబాయి కాదనలేడు. చదవనూ లేడు. మొహమాటంతో చేరినవాళ్ల దగ్గర ఉత్తరాలు తెరవకుండా పేరుకుంటాయి, పెళ్లిళ్లలో ఎదురుపడినప్పుడు ఇద్దరికీ ఇబ్బంది. మీ రాత ఇదివరకే ఎక్కడో చదివి, మీతో చుట్టరికం లేనివాళ్లను వెతకండి.

అమెరికన్ జర్నలిస్టు ఐ.ఎఫ్. స్టోన్ 1953లో వాషింగ్టన్ నుంచి సొంత వారపత్రిక మొదలుపెట్టినప్పుడు చేసింది ఇదే. అంతకుముందు తాను రాసిన, అప్పటికే మూతపడిన పత్రికల చందాదారుల జాబితాలు తీసుకుని వాళ్లకు రాశాడు. ఏడాదికి ఐదు డాలర్ల చందాతో ఐదు వేల పైచిలుకు మంది చేరారు. అందరికీ అందుబాటులో ఉన్నా ఎవరూ ఓపికగా తిరగేయని ప్రభుత్వ పత్రాలు చదివి, వాటిలో పొసగని మాటలను పట్టుకోవడం ఆయన పని. 1971లో పత్రిక ఆపేనాటికి చందాదారులు డెబ్బై వేల దాకా ఉన్నారు.

6. గ్రూపుల్లో పడేయకండి, గడప కాస్త ఎత్తుగా కట్టండి

అపార్ట్‌మెంట్ గ్రూపులో, పదో తరగతి బ్యాచ్ గ్రూపులో లింకు వేస్తే గుడ్ మార్నింగ్ పువ్వుల మధ్య కొట్టుకుపోతుంది. ఒక్కొక్కరికి విడిగా రాయండి, ఎందుకు రాస్తున్నారో ఒక వాక్యంలో చెప్పండి: “మేడమ్, మన ఊరి చెరువు పూడికతీత ఎందుకు ఆగిందని మొన్న అడిగారు కదా, ఈ వారం దాని మీదే రాశాను.” ఇలా రోజుకు ముగ్గురికి మించి రాయలేరు. ముగ్గురు చాలు.

చేరడం కూడా మరీ సులువు చేయకండి. చేరాక ఒక ప్రశ్న పంపి, జవాబు ఇవ్వమని అడగండి. ఒక్క వాక్యం రాసే ఓపిక లేనివాడికి మీ వెయ్యి మాటలు చదివే ఓపిక రాదు. జవాబు రాసినవాడి మెయిల్ పెట్టెకు మీరు పరిచయస్తులవుతారు, తర్వాతి ఉత్తరం జీమెయిల్‌లోని ‘ప్రమోషన్స్’ విభాగంలో పడే అవకాశం తగ్గుతుంది.

7. ఎంతమంది తెరిచారో చూడకండి

ఎవరు తెరిచారో పసిగట్టడానికి ఉత్తరంలో కంటికి కనిపించని బొమ్మ ఒకటి దాగి ఉంటుంది. 2021లో ఆపిల్ తన మెయిల్ యాప్‌లో తెచ్చిన గోప్యతా ఏర్పాటును ఎంచుకున్నవాళ్లకు, పాఠకుడు ఉత్తరం తెరవకముందే ఆ యాప్ ఆ బొమ్మను తెప్పించి పెడుతుంది. చదవనివాడు కూడా తెరిచినట్టు లెక్కలో కనిపిస్తాడు. ఆ అంకెను చూసి పొంగిపోయినా కుంగిపోయినా అర్థం లేదు.

వచ్చిన జవాబులు లెక్కపెట్టండి. ఎప్పుడైనా ఉత్తరం ఒక రోజు ఆలస్యమైతే, “ఈ వారం రాలేదేం?” అని ఎంతమంది అడిగారో చూడండి. మీకున్న పాఠకులు వాళ్లే. తర్వాతి ఉత్తరం వాళ్లకోసం రాయండి.